పదకొండు రోజుల వెలుతురు

ఆ రోజు పొద్దున తుల్సీరాం చేసిన ఆఖరి మామూలు పని, స్టీలు మగ్గుతో మగ్గున్నర ఫిల్టరు నీళ్లు కొలిచి గాజు తొట్టెలో పోయడం. అద్దానికి అంటించిన తెల్ల టేపు దాకా నీళ్లు వచ్చాయో లేదో వంగి చూశాడు. పైన నీలం లైటు వేశాడు. ఇదంతా చేస్తున్నంతసేపూ ఫోను పక్కనే స్టూలు మీద మాట్లాడుతూనే ఉంది. అవతల తొర్రూరులో అతని అక్క ఉమ బడికి పోయే తొందరలో జడ వేసుకుంటోంది.

"లైటు," అన్నాడు తుల్సీరాం. "పంపు. నీళ్లు గీతకు. ఉప్పు ఇరవై అయిదు."

"రోజు నాకెందుకురా అప్పజెప్తవ్? నేనేమన్న మీ రైల్వే ఆఫీసర్నా?"

"నోటితోని అనకుంటె మర్చిపోత బాయీ. పని కాడ గూడ గంతే."

వాళ్ల తండా భాషలో అక్కను బాయి అంటారు. ఇద్దరూ చదువుకుని ఉద్యోగాల్లో పడ్డాక వాళ్ల మధ్య మిగతా మాటలన్నీ తెలుగులోకి మారిపోయాయి గాని ఆ పిలుపు ఒక్కటి మారలేదు.

"మీ గొడుగు ఎట్లున్నది?" అని ఉమ అడిగింది.

"మంచిగున్నది. చెయ్యి ఊపుతున్నది నీకు."

"నా దండం చెప్పు దానికి. బస్సొచ్చింది, పెడ్తున్న."

గంటన్నర తర్వాత డోర్నకల్ స్టేషను బయట చాయ్ బండి దగ్గర తుల్సీరాం చేతిలో గ్లాసు ఉండగానే కూలబడ్డాడు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. గుండె అన్నారు. అతనికి ముప్పై ఎనిమిదేళ్లు.

కొత్తగూడ అడవిలో వాళ్ల తండా. తండ్రి లక్ష్మా పోడు కొట్టి జొన్న వేసేవాడు. తుల్సీరాం మూడేళ్లవాడై ఉండగా ఆయన జ్వరంతో పోయాడు. తల్లి కమ్లీ ఎండాకాలం తునికాకు ఏరి, వానాకాలం ఉన్న రెండెకరాలు దున్నించి పిల్లలిద్దరినీ పెంచింది. ఆమె పొలానికి పోతే తమ్ముణ్ని ఎత్తుకునే పని ఉమది. అప్పుడు ఉమకు ఎనిమిదేళ్లు. వాడు పసితనంలో ఎంత బరువుండేవాడో ఆమె నడుముకు ఇప్పటికీ తెలుసు.

హాస్టల్లో చదివి, ఐటీఐ చేసి, తుల్సీరాం రైల్వేలో సిగ్నల్ విభాగంలో చేరాడు. పట్టాల వెంట నడిచి, పెట్టెలు తెరిచి, తీగలు చూసి, సిగ్నలు ఎందుకు పడటం లేదో కనిపెట్టడం అతని పని. సికింద్రాబాదులో ట్రైనింగు రోజుల్లో శామ్యూల్ అనే దోస్తు దొరికాడు. ఇద్దరూ కలిసి ఒక సెలవుకు విశాఖపట్నం పోయారు. ఇరవై ఏడేళ్ల వయసులో తుల్సీరాం మొదటిసారి సముద్రం చూశాడు. అక్కడి నుంచే ఉమకు ఫోన్ చేశాడు, కాని ఏమీ మాట్లాడలేదు. ఫోను అలల వైపు పట్టుకుని నిలబడ్డాడు. ఉమ ఇక్కడ తరగతి గది బయట వరండాలో నిలబడి, "వినపడ్తున్నదిరా, వినపడ్తున్నది, ఇగ పెట్టు," అంటూనే పెట్టకుండా విన్నది.

డోర్నకల్‌లో క్వార్టరు ఇచ్చాక అతను సముద్రాన్ని ఇంట్లోకే తెచ్చుకున్నాడు. రెండడుగుల గాజు తొట్టె. హైదరాబాదు నుంచి వచ్చే ఉప్పు, దాన్ని కొలవడానికి కంటికి ఆనించి చూసే చిన్న గొట్టం, నీళ్లను తిప్పే పంపు, చిల్లుల చిల్లుల రాళ్లు. నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు చేపలు. రాళ్ల మీద గుండీల్లాంటి చిన్న చిన్న పగడాలు. వాటి నడుమ శామ్యూల్ తన పెద్ద పగడం నుంచి కోసి ఇచ్చిన ముక్క. అది పెరిగి పెరిగి పుట్టగొడుగంత అయింది. దాని తల మీద వందల కొద్దీ సన్నని వేళ్లు విచ్చుకుని నీటి వాలుకు ఊగుతుండేవి. తుల్సీరాం దాన్ని గొడుగు అనేవాడు. గట్టి పగడాలు ఇంట్లో పెట్టుకోవడానికి చట్టం ఒప్పదని వాటి జోలికి పోలేదు.

తండా పెద్దమనుషులు ఒకసారి ఆ ఇంటికి వచ్చి తొట్టెను చాలాసేపు చూశారు.

"ఈ చేపలు తింటవా?" అని అడిగాడు ఒకాయన.

"లేదు కాకా."

"అమ్ముతవా?"

"లేదు."

"మరి రాళ్లెందుకు?"

"అవి రాళ్లు గావు కాకా, పాణమున్నయి."

ఆ మాట తండాకు చేరేసరికి పిల్లగాడు ఉప్పునీళ్లలో రాళ్లు పెంచుతాడట అని అయింది. వచ్చిన రెండు సంబంధాలూ ఆ రాళ్ల కథ విని తిరిగిపోయాయి. తుల్సీరాం దాన్ని ఉమకు చెప్పి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఉమ నవ్వలేదు గాని కోప్పడనూ లేదు.

మొదటి ఏడు ఆ తొట్టె గోధుమరంగు నాచుతో నిండిపోయింది. అతను తన పనిలో లాగే తప్పును వెతికి పట్టుకున్నాడు. ఒక వారం లైటు తగ్గించాడు. తగ్గలేదు. ఇంకో వారం తిండి తగ్గించాడు. తగ్గలేదు. ఆ తర్వాత నీళ్లు మార్చాడు. బోరు నీళ్లలో ఉందట తప్పు. "ఒక్కసారికి ఒక్కటే మార్చాలె బాయీ. రెండు మారిస్తె ఏది తప్పో తెల్వది," అని చెప్పాడు. ఉమ ఆ మాటను తన ఏడో తరగతి పిల్లలకు వ్యాకరణం చెప్పేటప్పుడు వాడుకుంది కూడా.

వాళ్ల మాటలన్నీ పొద్దున పూటవే. సాయంత్రాలు ఉమకు ఇల్లు, వంట, దిద్దాల్సిన నోటు పుస్తకాలు. తమ్ముడి సాయంత్రాలు ఎలా గడుస్తాయో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎన్నడూ అనిపించలేదు.

అతణ్ని తండాకు తీసుకుపోయి, తండ్రి దున్నిన చెలక గట్టున పాతిపెట్టారు. మూడో రోజు పిట్టకు పెట్టారు. అతనికి ఇష్టమైన జొన్న రొట్టె, కోడికూర, ఆకులో పెట్టి దూరం జరిగారు. ఒక్క కాకి రాలేదు. గంట చూశారు. రెండు గంటలు చూశారు. చెట్ల మీద ఎక్కడో అరుస్తున్నాయి గాని కిందికి దిగలేదు. చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కమ్లీ లేచి ఆ రొట్టెను కొంగులో మూట గట్టింది.

"ఈడ లేడు," అన్నది. "వాడున్న ఇంటికి తోల్కపో నన్ను."

సాయంత్రానికి తల్లీబిడ్డలు డోర్నకల్ చేరారు. పక్క క్వార్టరులో ఉండే సరోజ తాళం తీసి ఇచ్చింది. తలుపు తెరవగానే ముందు గది నిండా నీలం వెలుతురు. మూడు రోజుల కిందట తుల్సీరాం వేసిన లైటు అట్లాగే వెలుగుతోంది. నీళ్లు ఆవిరై తగ్గిపోవడంతో పంపు గుడగుడమని అరుస్తోంది.

"ఆర్పుదామని వచ్చిన వదినా," అన్నది సరోజ ఉమతో. "చెయ్యి లేవలే. పోయినోళ్ల ఇంట్ల దీపం ఆర్పొద్దంటరు గద. పదకొండు రోజులుండాలె. ఈ ఇంట్ల గిదే గదా వాని దీపం."

"ఆర్పకు," అన్నది కమ్లీ. "వాని చేత్తోటి ఏసింది. ఎవరు ముట్టొద్దు."

ఉమకు అందులో తప్పేమీ కనిపించలేదు. తమ్ముడు రోజూ పొద్దున అప్పజెప్పిన పాఠంలో మొదటి మాటే లైటు. ఆర్పిన సంగతి అతను ఎప్పుడూ చెప్పలేదు. ఆమె మగ్గుతో ఫిల్టరు నీళ్లు పోసి గీత దాకా తెచ్చింది. గుడగుడ ఆగింది. ఆమె పెదవులు వాటంతట అవే కదిలాయి. లైటు. పంపు. నీళ్లు గీతకు.

కమ్లీ తొట్టె ముందు కింద కూర్చుని కొంగు ముడి విప్పింది. ఎండిన రొట్టె తుంచి, వేళ్లతో నలిపి, నీళ్లలో వేసింది. రెండు చేపలూ రాళ్ల చాటు నుంచి వచ్చి టపటపా తిన్నాయి.

"తిన్నడు," అన్నది కమ్లీ. మూడు రోజుల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి మంచి మాట అది. "ఉమా, చూసినవా? కాకి ముట్టలే గని ఈడ తిన్నడు."

అప్పటిదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టని మనిషి, మిగిలిన రొట్టెలో సగం తాను తిన్నది.

ఆ రోజు నుంచి అదే వరస. కమ్లీ తొట్టె ముందే కూర్చుని, ముందు చేపలకు ఒక ముద్ద వేసి, అవి తిన్నాకే తాను తినేది. రొట్టె, అన్నం, ఒకసారి కోడిగుడ్డు పచ్చసొన. మరో గదిలో కూర్చోబెట్టి పెడితే ముద్ద దిగేది కాదు. తల్లి ప్రాణం ఆ గాజు తొట్టెకు ముడిపడిందని ఉమకు అర్థమైంది. దాన్ని బతికించాలి. ఆమె చేయగలిగింది, ఆమెకు మిగిలింది అదొక్కటే అనిపించింది. తమ్ముడు పోయిన దగ్గర నుంచి ఆమెకు ఏడుపు రాలేదు. ఏడవడానికి తీరిక లేదన్నట్టు రోజూ రెండు పూటలా ఆ తొట్టె చుట్టూ తిరిగింది.

పదకొండో రోజు దినం అయ్యాక చూస్తే అద్దాల మీద పచ్చటి పొర. రాళ్ల మీద వెంట్రుకల్లాంటి నాచు. గుండీ పగడాలు మూసుకుని, వాటి మధ్య నుంచి కూడా ఆ పచ్చ వెంట్రుకలు వేలాడుతున్నాయి. గొడుగు ఒక్కటే తల విచ్చుకుని ఊగుతోంది.

క్వార్టరు ఖాళీ చేయాలి. తొర్రూరు నుంచి ఉమ భర్త వేణు ట్రాలీ ఆటో మాట్లాడుకుని వచ్చాడు. అతను నవ్వించడానికి చూసే మనిషి. చావు ఇంట్లో కూడా ఆ గుణం పోలేదు.

"సగం సముద్రం డబ్బాలల్ల పోసిన," అన్నాడు ఇరవై లీటర్ల డబ్బాలు మోస్తూ. "మిగిలిన సగం నీ తమ్ముడు రైల్వేకు అప్పజెప్పిండా?"

"మెల్లగ మొయ్యి. పగడానికి దెబ్బ తలుగుతది."

"తల్గదు. నాకు బామ్మర్ది గదా అది."

ఉమ అతని వైపు చూసింది. వేణు తల దించుకుని, గొడుగు ఉన్న బకెట్టును తొర్రూరు దాకా తన ఒళ్లోనే పెట్టుకున్నాడు. దారిలో గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఇల్లు చేరేసరికి అతని ప్యాంటు మీద ఉప్పు గీతలు కట్టి ఉన్నాయి. ఆ రోజే ఉమ ఇంటి ముందు గదిలో తొట్టె నిలబడింది. తల్లి దాని ముందు చాప వేసుకుంది. లైటు వేశారు. ఎవరూ ఆర్పలేదు.

వారానికి గుండీల్లో సగం కరిగిపోయాయి. ఉమ తమ్ముడి ఫోనులో వెతికి శామ్యూల్‌కు ఫోన్ చేసింది. అతను డోర్నకల్ వాడే, ఇప్పుడు సికింద్రాబాదులో ఉంటాడు. ఎక్కడో దూరాన డ్యూటీలో ఉండి దోస్తు చివరి చూపుకు కూడా అందలేకపోయాడు. ఆ మాట చెబుతూ ఫోనులోనే ఏడ్చాడు. తర్వాత గొంతు సవరించుకుని వివరాలు అడిగాడు.

"లైటు ఎన్ని గంటలు ఏస్తున్రు అక్కా?"

"ఆపుతలేం."

"ఆపుతలేరంటె?"

"వాడు ఏసిన లైటు తమ్ముడూ. పదకొండు రోజులు ఆర్పలే. అటెన్క గూడ మా అమ్మ ఆర్పనిస్తలేదు."



"వాడు ఎన్నడు ఎనిమిది గంటలకంటె ఎక్కువ ఉంచలేదక్కా. డ్యూటీ నుంచి ఇంటికి రాంగనె ఆర్పెటోడు. ఆర్పి, నాకు ఫోన్ చేసెటోడు. రాత్రి లేకుంటె వాటికి ఎట్ల? నాచుకు మాత్రం పండుగ. తిండి ఏం ఏస్తున్రు?"

ఉమ చెప్పింది.

"రొట్టెనా?" అన్నాడు శామ్యూల్. వెంటనే, "నేను తప్పు పడ్తలేనక్కా," అని కూడా అన్నాడు. "మీకెట్ల తెలుస్తది?"

ఫోను పెట్టేసి ఉమ చాలాసేపు తల్లి వీపునే చూస్తూ నిలబడింది. కమ్లీ తొట్టె ముందు కూర్చుని చేపలతో తండా భాషలో ఏదో చెబుతోంది. ఆ పచ్చదనం అంతా వాళ్ల సంతాపమే. ఆర్పని దీపం, కాకి ముట్టని ముద్ద. ఈ రెండింటితోనే పెరిగింది. ఈ సంగతి తల్లికి చెప్పకూడదనుకుంది.

"యాడీ," అన్నది పక్కన కూర్చుని, అమ్మను తండా భాషలో పిలిచే పిలుపుతో. "చేపలకు కడుపుల బాగలేదట. డాక్టరు చెప్పిండు, రొట్టె ఒద్దన్నడు."

"చేపలకు డాక్టరా?"

"ఉంటరు."

"నా కొడుక్కు అందని డాక్టరు చేపలకు అందిండా?"

ఉమ మేత డబ్బా మూత తీసింది. ఆవగింజల్లాంటి చేపల మేత కొద్దిగా తల్లి అరచేతిలో పోసి, "ఇగో, దీన్ని ముద్దనుకో. ఒక్కటే పూట," అన్నది. కమ్లీ ఆ గింజలను చాలాసేపు చూసి, "వాని పాలు గింతనేనా," అన్నది. కాని వేసింది. చేపలు తిన్నాయి. ఆమె కూడా తిన్నది.

తమ్ముడు చెప్పినట్టు ఉమ ఒక్కసారికి ఒక్కటే మార్చింది. వారం ఆగి లైటుకు వచ్చింది. వేణు బజారు నుంచి టైమరు తెచ్చి పెట్టాడు. పొద్దున తొమ్మిదికి వెలిగి, సాయంత్రం అయిదుకు టక్కున ఆరిపోయేది. మొదటి రోజు ఆ చప్పుడుకు కమ్లీ ఉలిక్కిపడి లేచింది. తర్వాత తర్వాత అయిదుకు ముందే వచ్చి కూర్చునేది. టక్కుమనగానే, "పో బిడ్డా, మల్ల రా," అనేది. బడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ ఉమ ఆ మాట వినేది. ఆ తర్వాత మసక గదిలో పంపు చప్పుడు ఒక్కటే ఉండేది. తలుపు అవతల ఎవరో నిదానంగా గాలి పీలుస్తున్నట్టు ఉండేది. వేణు కూడా ఆ గదిలోంచి పోయేటప్పుడు అడుగు మెల్లగా వేసేవాడు.

ఆదివారాలు ఉమ పాత ఏటీఎం కార్డుతో అద్దాలు గీకేది. రాళ్లను బయటికి తీసి బకెట్టు ఉప్పునీళ్లలో పళ్ల బ్రష్షుతో తోమేది. ఆ బ్రష్షు తమ్ముడి సామాన్లలో దొరికింది. దాని పిడికి ఎర్ర టేపు చుట్టి ఉంది, పొరపాటున ఎవరూ నోట్లో పెట్టుకోకుండా. తోముతుంటే పచ్చ వెంట్రుకలు వేళ్లకు చుట్టుకునేవి. గీకినంత గీకి మళ్లీ ఆదివారం చూస్తే మళ్లీ అంతే. గుండీ పగడాలు ఒక్కొక్కటే రాలిపోయి ఆఖరికి ఒక్కటీ మిగల్లేదు. శామ్యూల్ నీళ్లు మార్చమన్నాడు, మార్చింది. నత్తలు పంపించాడు, వేసింది. అయినా లొంగలేదు.

"ఇగ ఒకటే మార్గమక్కా," అన్నాడు. "మూడు రోజులు తొట్టెకు నల్లబట్ట కప్పు. సూది మొనంత వెలుతురు గూడ పోవద్దు. నాచు చస్తది. పగడం మూడు రోజులకు తట్టుకుంటది."

ఉమ బీరువాలోంచి నల్ల దుప్పటి తీసి కప్పుతోంది. కమ్లీ వంటింట్లోంచి వచ్చి గడప దగ్గర ఆగిపోయింది.

"ఏం జేస్తున్నవ్?"

"మూడొద్దులే యాడీ. మందు లెక్క."

"మల్ల బట్ట కప్పుతున్నవా వానికి?" కమ్లీ గొంతు పెరగలేదు. అది పెరగకపోవడమే ఉమకు భరించరానిదైంది. "ఒక్కసారి కప్పినం గద. మొగం మీదికెల్లి నువ్వే గదా కప్పింది. సాలదా?"

ఉమ చేతిలో దుప్పటి అంచు అట్లాగే ఉండిపోయింది. తండాలో, చెలక గట్టున, గుడ్డ కప్పింది ఆమే. అందరూ వెనక్కి తగ్గితే ముందుకు వచ్చింది ఆమే. అప్పుడు కూడా ఏడవలేదు.

దుప్పటిని మడిచి బీరువాలో పెట్టేసింది. నాచును అట్లాగే ఉండనిచ్చింది. శామ్యూల్‌కు మాత్రం కప్పానని చెప్పింది.

ఇంకో నెలకు మెల్లగా మార్పు కనిపించింది. అద్దాలు తేటపడ్డాయి. నత్తలు రాళ్ల మీద బాటలు వేసుకుంటూ పోయాయి. చేపలు బలంగా ఉన్నాయి. గొడుగు పొద్దున తొమ్మిదికి లైటు వెలగగానే ముడుచుకున్న తలను మెల్లగా విప్పేది. కమ్లీ పక్కింటి ఆడవాళ్లను పిలిచి చూపించేది. "నేను కూసోంగనె లేస్తడు," అనేది. ఉమ కూడా బడికి పోయే ముందు ఒక నిమిషం నిలబడి చూసేది. ఇదొక్కటి బతికితే చాలు అనుకునేది. మిగతా పొరపాట్లన్నీ అప్పుడు పోతాయి.

ఒక సోమవారం గొడుగు విచ్చుకోలేదు.

మర్నాడు కూడా లేదు. వందల వేళ్లూ లోపలికి ముడుచుకుపోయి తల నున్నగా, బోడిగా ఉంది. మూడో రోజుకు రంగు మారింది. గోధుమ రంగులోకి తిరిగి, పైన మైనం పూసినట్టు మెరిసింది. దాని మీద నాచు తుంపులు అతుక్కున్నాయి. ఒకవైపుకు ఒరిగింది. కమ్లీ ముందు కూర్చుని పిలిచి చూసింది. కొడుకు చిన్ననాటి ముద్దు పేరుతో పిలిచింది. తర్వాత పిలవడం మానేసింది. అయిదో రోజు నుంచి అన్నం తినడం కూడా మానేసింది.

ఉమ రెండు బకెట్ల నీళ్లు మార్చింది. ఉప్పు చూసింది, ఇరవై అయిదే. పంపు మూతి గొడుగు వైపు నుంచి తిప్పి చూసింది, మళ్లీ దాని వైపే తిప్పింది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలన్న మాట మరిచిపోయింది. శామ్యూల్‌కు ఫోటో పంపాలని ఫోను తీసి, పంపకుండానే పెట్టేసింది. పంపితే దుప్పటి సంగతి బయటపడుతుంది. మూడు రోజులు కప్పి ఉంటే బతికేది గదా అని అతను అంటాడేమో. ఆ మాట వినే బలం ఆమెకు లేదు.

తొమ్మిదో రోజు విశ్రాంతి పీరియడులో స్టాఫ్ రూము బయటికి వచ్చి ఫోన్ చేసింది. అతను రైలులో ఉన్నాడు, చప్పుడు.

"తమ్ముడూ, ఒక్క మాట. చచ్చిపోయిన పగడం తొట్టెల ఉంటె ఏమైతది?"

"ఉంచొద్దక్కా! వెంటనె తీసెయ్యి. నీళ్లన్ని పాడైతయి, చేపలు గూడ పోతయి."

"సరే," అన్నది. అంతకుమించి చెప్పలేదు, అతనూ అడగలేదు. లైను కూడా అప్పుడే తెగిపోయింది.

ఆ సాయంత్రం వేణు చాకు తెచ్చి ఇచ్చాడు. గొడుగు మొదలు రాయికి గట్టిగా పట్టుకుని ఉంది. ఉమ కొంగు నడుముకు దోపి, మోచేతుల దాకా నీళ్లలో పెట్టి, నిదానంగా కోసింది. చేతిలోకి వచ్చాక అది చాలా చిన్నగా అనిపించింది. నీళ్లలో ఉన్నప్పుడు అంత పెద్దగా కనిపించేది.

"బయట పారెయ్యకు," అన్నది కమ్లీ. "వాని కాడికి తీస్కపోదాం."

మర్నాడు ముగ్గురూ బస్సెక్కి తండాకు పోయారు. కమ్లీ దాన్ని తన పాత రవిక గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. కొత్తగూడ దాటాక అడవి మీద ఎండ తెల్లగా ఉంది. చెలక గట్టున వేణు గడ్డపారతో జానెడు గుంత తీశాడు. కమ్లీ మూటను అందులో పెట్టి, మట్టి కప్పి, రెండు చేతులతో అదిమింది. లేచి నిలబడి చేతులు దులుపుకుంది.

"ఇప్పుడు పోయిండు," అన్నది.

అప్పుడు ఉమకు ఏడుపు వచ్చింది. మోకాళ్ల మీద కూలబడి, ఇన్ని నెలలదీ ఒక్కసారే ఏడ్చింది. వేణు దగ్గరికి రాబోతే కమ్లీ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. "ఏడ్వనియ్," అన్నది.

కమ్లీ తిరిగి తొర్రూరు రాలేదు. తండాలో తన చెల్లెలింట్లో ఉంటానన్నది. ఆ పూటే చెల్లెలు పెట్టిన అన్నం మాట్లాడకుండా తిన్నది, ఇంకో ముద్ద అడిగి వేయించుకుంది. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా వానల సంగతి, చెలకలో పత్తి సంగతి చెప్పింది. తొట్టె ఎలా ఉందని ఒక్కసారీ అడగలేదు. తల్లి తెప్పరిల్లింది కాబట్టి ఉమ కూడా తేలికపడింది. చేసింది మంచిదే అయిందనుకుంది.

రెండు వారాలకు శామ్యూల్ చేపలను తీసుకుపోవడానికి వచ్చాడు. మూతలున్న డబ్బాలు, గాలి కొట్టే చిన్న యంత్రం తెచ్చుకున్నాడు. పొట్టివాడు, నెరిసిన మీసం. తొట్టె ముందు నిలబడి కాసేపు కళ్లు మూసుకుని, బహుశా ప్రార్థన చేసుకున్నాడు. తర్వాత అద్దం దగ్గరికి వంగాడు.

"నాచంతా పోయింది గదక్కా. ఇంత మంచిగ చేసినవ్. గొడుగేది?"

"పోయింది."

"ఎప్పుడు? ఎట్ల పోయింది?"

"ముడ్సుకున్నది. తొమ్మిది రోజులు విచ్చుకోలే. రంగు మారింది, మైనం పూసినట్టు మెరిసింది. పాకురు గూడ పట్టింది మీద. నువ్వే గద తీసెయ్యమన్నవ్."

శామ్యూల్ చేతిలోని డబ్బాను మెల్లగా కింద పెట్టాడు.

"తీసినప్పుడు మెత్తగున్నదా? చేతుల కారిపోయిందా?"

"లేదు. గట్టిగనె ఉండె. చాకుతోటి కొయ్యాల్సొచ్చింది."

"వాసన?"

"ఏం వాసన?"

అతను ఆమె వైపు చూడలేదు. చేపల వల తీసుకుని నీళ్లలో ముంచాడు. రెండు చేపలూ రాయి వెనక్కి పోయాయి. వల అట్లాగే నీళ్లలో ఉండిపోయింది.

"చెప్పు తమ్ముడూ," అన్నది ఉమ.

"ఎందుకక్కా ఇప్పుడు."

"చెప్పు."

అతను చెప్పాడు. చచ్చిన పగడమైతే మెత్తబడి చేతుల్లోనే కారిపోతుంది, కంపు కొడుతుంది. గొడుగు జాతి పగడం ఏడాదిలో రెండు మూడుసార్లు కుబుసం విడుస్తుంది. అందుకోసం ముందు ముడుచుకుంటుంది, రంగు మారుతుంది, మైనం పూసినట్టు మెరుస్తుంది. ఒంటికి పట్టిన నాచునంతా ఆ పొరతో పాటే వదిలించుకుని మళ్లీ విచ్చుకుంటుంది. దానికి ఒక్కోసారి మూడు వారాలు పడుతుంది.